మా నూతి నీటిని ఒక్కసారి కిడ్నీ కణాలకు చూపించండి

జిల్లాలో నీటి నమూనాలు పరీక్షించే అధికారులకు,
ఆ పరీక్షల్లో ఏముండాలో తేల్చే టాక్సికాలజిస్టులకు (విషాల మీద పనిచేసే శాస్త్రవేత్తలకు),

నమస్కారం.

ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ అర్జీల రూపంలో ఒకే ఆఫీసుకి ఇచ్చాను. మొదటిదానికి ఒక కాగితం వచ్చింది. ఆ కాగితం మీద నాకొచ్చిన అనుమానాలు అడుగుతూ ఇచ్చిన తర్వాతి రెండింటికీ రసీదులు తప్ప ఏమీ రాలేదు. ఆ ఆఫీసు పేరు ఇక్కడ రాయను. ఒకర్ని బజారుకీడ్చి నేను బావుకునేది ఏమీ లేదు. అడిగింది మాత్రం నలుగురికీ తెలియాలని ఈసారి బహిరంగంగా రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి మండలం. ఉద్యానవనం అన్న మాటే వాడుకలో ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడి, పనస. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను సగం తోటల్ని పడగొట్టినా, మళ్ళీ మొక్కలు పెట్టుకున్నాం. బయటివాళ్ళకి మాత్రం ఉద్దానం అనగానే కిడ్నీలే గుర్తొస్తాయి. ఇక్కడి పెద్దవాళ్ళలో దాదాపు ఐదుగురికి ఒకరు కిడ్నీ జబ్బుతో ఉన్నారని సర్వేలు తేల్చాయి. వాళ్ళలో ఎక్కువమందికి షుగర్ లాంటి తెలిసిన కారణమేదీ దొరకలేదు. మా నాన్న వాళ్ళలో ఒకరు. వారానికి రెండుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ మెషీన్ మీద ఉంటారు.

నేను డాక్టర్ని కాదు. హైదరాబాద్ శివార్లలో ఒక ల్యాబ్‌లో తొమ్మిదేళ్ళు పనిచేశాను. మందులూ రసాయనాలూ మనిషి కణాల మీద ఏం చేస్తాయో చూసే ల్యాబ్ అది. అక్కడ కణాలు పెంచడం నా పని. "సెల్స్ పెంచుతాను నాన్నా" అని మొదటిసారి ఇంట్లో చెప్తే, "సెల్లులు పెంచడమేటమ్మా, వాటికి రీఛార్జి ఎవులు చేస్తారు?" అన్నారాయన. ఆయనకి డయాలసిస్ మొదలయ్యాక ఉద్యోగం మానేసి వచ్చేశాను.

జరిగింది ఇది. నుయ్యి నీటిని పరీక్షించమని మొదటి అర్జీ పెట్టాక ఒక కుర్రాడు బండి మీద వచ్చాడు. వచ్చినందుకు సంతోషించాను. సంచిలోంచి ఖాళీ కూల్‌డ్రింక్ సీసా తీసి, నూతి నీళ్ళతో ఒకసారి తొలిపి, నింపి, మూత బిగించి, బండి హ్యాండిల్‌కి తగిలించుకున్నాడు. మిట్టమధ్యాహ్నం. "బాబూ, పురుగుమందులు చూడాలంటే ముదురు రంగు గాజు సీసా ఉండాలి, ఐస్‌లో పెట్టుకుని వెళ్ళాలి కదా" అన్నాను. "మాకు ఇదే ఇచ్చినారండి" అన్నాడు. అతని తప్పేమీ లేదు. ఇరవై రోజులకి ఒక పేజీ రిపోర్టు వచ్చింది. పీహెచ్, టీడీఎస్, గట్టిదనం, క్లోరైడ్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, మడ్డి, కోలీఫాం. మొత్తం తొమ్మిది. కింద "అన్నీ పరిమితులలోనే ఉన్నవి, త్రాగుటకు యోగ్యము" అని స్టాంపు.

రెండో అర్జీలో మూడు ప్రశ్నలు రాశాను. పురుగుమందుల కోసం వెతికారా? సీసం, కాడ్మియం లాంటివి చూశారా? ఈ నీరు కిడ్నీ కణం మీద ఏం చేస్తుందో ఎవరైనా చూశారా? మూడోసారి వెళ్ళినప్పుడు టేబుల్ దగ్గరున్న ఆయన, "నీళ్ళు బాగున్నాయని రాసీసినారు కదమ్మా, ఇంకేటి?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక. ఆ "ఇంకేటి" అన్నదానికి జవాబే ఈ ఉత్తరం.

1. ముందు ఆ కాగితం సంగతి. తాగునీటికి మన దేశంలో ఐఎస్ 10500 అనే ప్రమాణం ఉంది. 2012లో సవరించారు. నైట్రేట్ లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు, సీసం 0.01 దాటకూడదు, కాడ్మియం 0.003 దాటకూడదు, ఇలా వరసగా ఉంటాయి. పురుగుమందులకి అందులోనే విడిగా ఒక పట్టిక ఉంది. 18 పేర్లు. మోనోక్రోటోఫాస్ లీటరుకి 1 మైక్రోగ్రాము, ఫోరేట్ 2, క్లోరోపైరిఫాస్ 30. నాకొచ్చిన రిపోర్టులో ఆ పట్టికే లేదు. సీసం లేదు, కాడ్మియం లేదు. అంటే చూసిన తొమ్మిది వరకు పరిమితుల్లో ఉన్నాయి, అంతే. పప్పులో రాళ్ళేరి బియ్యం కూడా శుభ్రంగా ఉన్నాయని చెప్పడం లాంటిది ఇది.

ఆ 18 పేర్లూ వెతికినా పని అయిపోదు. డీడీటీ, ఆల్డ్రిన్ లాంటి పాతకాపులు అందులో ఉన్నాయి. తోటల్లో గడ్డికి కొట్టే గ్లైఫోసేట్ లేదు. ఈరోజు కొట్టుకి వెళ్తే ఇచ్చే కొత్త రకాలు చాలావరకు లేవు.

ఇంకో మాట. ఈ పరిమితులు ఎక్కణ్ణుంచి వస్తాయో మామూలు జనానికి ఎవరూ చెప్పరు. ఎలుకలకో కుక్కలకో నెలల తరబడి ఒక రసాయనాన్ని పెట్టి, ఏ హానీ కనిపించని గరిష్ఠ మోతాదు ఎంతో చూస్తారు. దాన్ని సాధారణంగా వందతో భాగిస్తారు. జంతువుకీ మనిషికీ ఉన్న తేడాకి ఒక పది, మనిషికీ మనిషికీ ఉన్న తేడాకి ఇంకో పది. వచ్చినదాన్ని బట్టి, 60 కిలోల మనిషి రోజుకి 2 లీటర్ల నీళ్ళు తాగుతాడన్న లెక్కతో నీటిలో ఎంత ఉండొచ్చో ప్రపంచ ఆరోగ్య సంస్థ కడుతుంది. మంచి లెక్కే, తప్పుపట్టను. కానీ ఏప్రిల్ ఎండలో జీడి తోటలో పిక్కలేరే మనిషి రెండు లీటర్లతో సరిపెట్టుకుంటుందా? మా అమ్మ తోటకి వెళ్ళేటప్పుడు రెండు లీటర్ల సీసాలు రెండు పట్టుకెళ్తుంది. మధ్యాహ్నం ఇంటికొచ్చి బిందె వంచుకుని తాగుతుంది. బరువు 44 కిలోలు.

2. ఇప్పుడు కణాన్ని అడగడం అంటే ఏమిటో చెప్తాను. కాస్త ఓపిక పట్టండి, నాకు బాగా తెలిసిన భాగం ఇదే. ఈ ఉత్తరం చూసే టాక్సికాలజిస్టులకి ఇది అ ఆ ఇ ఈ. మా ఊరివాళ్ళు కూడా చదువుతారు కాబట్టి మొదటినుంచీ రాస్తున్నాను.

మనిషి కిడ్నీ కణాలు ప్లాస్టిక్ ఫ్లాస్కులో, గులాబీ రంగు ద్రవంలో, 37 డిగ్రీల వేడిలో, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న పెట్టెలో పెరుగుతాయి. హెచ్‌కె-2 అనే రకం ఒకటుంది. ఆరోగ్యంగా ఉన్న ఒక మనిషి కిడ్నీ గొట్టం నుంచి తీసి, ఆగకుండా విభజన జరిగేలా మార్చిన కణాలవి. 1990ల నుంచి చాలా దేశాల్లో వాడుతున్నారు. మైక్రోస్కోపు కింద చూస్తే వాకిట్లో పరిచిన గులకరాళ్ళలా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. గులాబీ ద్రవం పసుపు రంగుకి తిరిగిందంటే ఆమ్లం పెరిగిందని, మార్చాలని అర్థం. వాటికి పండగ లేదు, ఆదివారం లేదు. పాడి ఉన్నవాళ్ళు గేదెని వదిలి ఊరెళ్ళలేనట్టే నేనూ తొమ్మిదేళ్ళు సంక్రాంతికి రెండు రోజులకి మించి ఇంట్లో ఉండలేదు.

పరీక్షకి అరచేయంత పళ్ళెం తీసుకుంటాం. వామనగుంటల పీటని కుదించి 96 గుంటలు చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఒక్కో గుంటలో సుమారు పదివేల కణాలు వేసి, ఒక రాత్రి అతుక్కోనిస్తాం. నీటిని ఉన్నదున్నట్టు పోయరు. లీటరు నీటిని ఒక చిన్న గొట్టం గుండా పంపితే అందులో ఉన్న పదార్థం చాలా రసాయనాలను పట్టి ఉంచుతుంది. వాటిని ఒక మిల్లీలీటరు ద్రావకంలోకి దింపుతారు. అంటే వెయ్యిరెట్లు చిక్కబడిన నూతి నీరు. దాన్ని మెట్లుమెట్లుగా పలచన చేస్తూ ఒక వరసకి ఎక్కువ, పక్క వరసకి తక్కువ వేసుకుంటూ పోతారు. ఒక వరసకి ఏమీ వెయ్యరు. ఇంకో వరసకి శుద్ధమైన నీటిని అదే గొట్టం గుండా పంపి తీసిన సారం వేస్తారు, విషం గొట్టంలోంచే రాలేదని తేలాలి కదా. మరో వరసకి కిడ్నీని దెబ్బతీస్తుందని ముందే తెలిసిన కాడ్మియం లవణం వేస్తారు, కణాలు స్పందించే స్థితిలో ఉన్నాయో లేదో చూడ్డానికి. ఈ మూడు వరసలు లేని పరీక్షని మేము లెక్కలోకే తీసుకునేవాళ్ళం కాదు.

ఒక రోజో మూడు రోజులో ఆగి, ఎంటీటీ అనే పసుపు పచ్చటి ద్రావణం వేస్తారు. 1983 నుంచీ ఉన్న పద్ధతి. బతికున్న కణం దాన్ని ముదురు ఊదా రంగు స్ఫటికాలుగా మారుస్తుంది. చచ్చిన కణం మార్చలేదు. మూడు నాలుగు గంటల తర్వాత ఆ స్ఫటికాలను కరిగిస్తే, కణాలు బాగున్న గుంట నేరేడుపళ్ళు తిన్న నాలుకలా ఉంటుంది. పోయిన గుంట పసుపు నీళ్ళలాగే మిగిలిపోతుంది. ఆ రంగు ఎంత ముదురో 570 నానోమీటర్ల దగ్గర మెషీన్ కొలుస్తుంది. కంటితో చూసినా చాలావరకు తెలిసిపోతుంది. పళ్ళెంలో ఎడమ నుంచి కుడికి ఊదా రంగు పలచబడుతూ పోతుంటే, ఏ మోతాదు దగ్గర కణాలు చేతులెత్తేశాయో వేలు పెట్టి చూపించవచ్చు. రసాయనం పేరు తెలియకపోయినా సరే. నా వాదనంతా ఈ ఒక్క మాట మీద ఉంది. పట్టికలో పేరు లేని విషాన్ని రసాయన పరీక్ష వెతకదు. కణానికి పట్టికతో పనిలేదు.

చావలేదంటే క్షేమంగా ఉన్నట్టు కాదు. అందుకే టాక్సికాలజిస్టులు అక్కడితో ఆగరు. కణం పొర చిట్లితే ఎల్‌డీహెచ్ అనే ఎంజైము, పగుళ్ళిచ్చిన కుండలోంచి నీరు ఊరినట్టు, బయటికి కారుతుంది. దాన్ని కొలుస్తారు. కణాన్ని లోపలినుంచి దెబ్బతీసే ఆక్సిజన్ రకం అణువులు పేరుకుంటే, అంటే ఆక్సిడేటివ్ స్ట్రెస్ పెరిగితే, ఆకుపచ్చగా వెలిగే రంగు ఒకటి వేసి చూస్తారు. డీఎన్ఏ తెగిందా లేదా అన్నదానికి కామెట్ పరీక్ష ఉంది. కణాలను పారదర్శకమైన జిగురులో పరిచి, పొరలు కరిగించి, కరెంటు పెడతారు. డీఎన్ఏ బాగుంటే గుండ్రటి చుక్కలా ఉండిపోతుంది. తెగితే ముక్కలు ఒక పక్కకి సాగి అచ్చం తోకచుక్కలా కనిపిస్తుంది. మొదటిసారి చీకటి గదిలో కూర్చుని చూసినప్పుడు ఎంత అందంగా ఉందో అనుకున్నాను. చూస్తున్నది ఏమిటో తెలిసి కూడా.

ఇదేదో ప్రయోగాల దశలో ఉన్న వింత కాదు. విష పరీక్షలు జంతువుల నుంచి మనిషి కణాల వైపు మళ్ళాలని అమెరికా జాతీయ పరిశోధన మండలి 2007లోనే రిపోర్టు ఇచ్చింది. కాలిఫోర్నియా రాష్ట్రం శుద్ధిచేసి మళ్ళీ వాడే నీటికి కణాల మీద పరీక్షలను 2018లో తన విధానంలో చేర్చుకుంది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2023 మార్చిలో కొత్త మందుల నిబంధనలు సవరించి, జంతువుల బదులు మనిషి కణాల మీద చేసే పరీక్షలను ఒప్పుకుంది. మందుబిళ్ళకి చెల్లే సాక్ష్యం మా నూతి నీటికి ఎందుకు చెల్లదు?

3. మరి కిడ్నీ కణమే ఎందుకు? కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్లు వడకడతాయి. అందులో ఒకటిన్నర, రెండు లీటర్లే మూత్రంగా పోతుంది, మిగతాదంతా వెనక్కి పీల్చుకోవాలి. ఆ పీల్చే పనిలో మూడింట రెండు వంతులు కిడ్నీలోని మొదటి గొట్టం కణాలే చేస్తాయి. నీళ్ళతోపాటు వచ్చిన చెత్త కూడా ముందు వాటి చేతుల్లోనే పడుతుంది. ఎండలో చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, అందులో ఏముంటే అదీ చిక్కబడుతుంది. నూతిలో పలచగా ఉన్నది గొట్టం చివరికి వచ్చేసరికి పలచగా ఉండదు. మా దగ్గర ఎండ కారణమా, నీరు కారణమా, మందులు కారణమా, పుట్టుకతో వచ్చే గుణమా అని చర్చ జరుగుతోంది కదా. ఇవి ఒకదానికొకటి తోడయ్యే అవకాశం ఉందని మాత్రం ఎవరూ కాదనరు.

పైగా కిడ్నీ ఎలా ఉందో చూడ్డానికి రక్తంలో కొలిచే క్రియాటినిన్ అనే వ్యర్థం ఆలస్యంగా మాట్లాడుతుంది. అది పెరిగినట్టు కనిపించేసరికి కిడ్నీ పని దాదాపు సగం పోయి ఉంటుంది. మా నాన్న మొదటి పరీక్ష 3.8. అప్పటికి ఆయన కొబ్బరి దింపుతున్నారు, సైకిలు తొక్కుతున్నారు, కాస్త నీరసం అంటున్నారు, అంతే.

4. మందులు ఒక్కొక్కటిగా వచ్చి మమ్మల్ని పలకరించవు. నా చిన్నప్పుడు కొబ్బరికి నల్లి పడితే నాన్న చెట్టు మొదట్లో తవ్వి, పెన్సిలంత వేరు ఏటవాలుగా కోసి, మోనోక్రోటోఫాస్ కలిపిన నీళ్ళ కవరు దానికి కట్టేవారు. సాయంత్రం కట్టిన కవరు పొద్దున్నకి ఖాళీ. చెట్టు తాగేసిందని మాకు సరదా. "నెలన్నర దాకా ఈ చెట్టు కాయలు ముట్టకండి" అని మట్టకి ఎర్ర గుడ్డ కట్టేవారు. కాయల మీద అంత జాగ్రత్త ఉండేది. ఆ చెట్టుకి పది అడుగుల్లోనే నుయ్యి ఉందన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. జీడికి పూతలో టీ దోమ అనే పురుగుకి ఒక మందు, గడ్డికి ఇంకోటి, మామిడికి మరోటి. మోకాళ్ళ నొప్పికి కొట్లో కొనే బిళ్ళలు, వాటిలో చాలా రకాలు కిడ్నీకి మంచివి కావు. పరిమితులు ఒక్కో రసాయనానికి విడివిడిగా ఉంటాయి. ఒక్కొక్కటీ గీత కిందే ఉండొచ్చు. అన్నీ కలిసి కణం మీద పడితే ఏమవుతుందో చెప్పే గడి ఏ రిపోర్టులోనూ లేదు. చిక్కబరిచిన నీటిని కణాల మీద వేసినప్పుడు ఆ కలగలుపే పరీక్షకి వస్తుంది.

రసాయనం కణాన్ని కాల్చడం అంటే ఏమిటో మా ఆడవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. పలాసలో జీడి పిక్కలు కొట్టే మా పిన్ని వేళ్ళు చూడండి. పెంకులోని నూనె తగిలి చర్మం నల్లబడి, పొరలు పొరలుగా లేచిపోయి, మళ్ళీ వస్తూ ఉంటుంది. ఆముదం రాసుకుని, బూడిద అద్దుకుని కూర్చుంటుంది. వేలు కాబట్టి కనిపిస్తోంది. కిడ్నీ గొట్టం కనిపించదు.

5. ఈ పరీక్షల లోపాలు నేనే చెప్తాను, ఎవరో ఎత్తిచూపేలోగా. పళ్ళెంలో కణానికి కాలేయం తోడు లేదు. కొన్ని రసాయనాలు కాలేయంలో విరిగాకే విషమవుతాయి, కొన్ని విషం పోగొట్టుకుంటాయి. అందుకని కాలేయ ఎంజైములు కలిపి కూడా పరీక్ష చెయ్యాలి. హెచ్‌కె-2 కణాల్లో రసాయనాలను లోపలికి తెచ్చే కొన్ని ద్వారాలు అసలు కిడ్నీలో ఉన్నంతగా ఉండవు. కాబట్టి ఒక్క రకం కణంతో తీర్పు చెప్పకూడదు. లోహాలు ఆ చిన్న గొట్టంలో పట్టుబడవు, వాటికి వేరే సీసా, వేరే పరీక్ష కావాలి. అన్నిటికంటే పెద్దది కాలం. పళ్ళెంలో మూడు రోజులు, మా ఒంట్లో ముప్పై ఏళ్ళు. వెయ్యిరెట్లు చిక్కబరిచిన నీటిలో కణాలు చచ్చాయంటే, నూతి నీరు తాగినవాళ్ళంతా చస్తారని కాదు. అక్కడ ఏదో ఉంది, అదేమిటో వెతకండి అని అర్థం. రసాయన శాస్త్రవేత్తలు అప్పుడు ఆ సారాన్ని భాగాలుగా విడదీసి, ఏ భాగంలో విషముందో పట్టుకుంటారు.

ఈ జాగ్రత్త ఎందుకంటే, సగం తెలిసిన మాట కూడా ఇక్కడ మంటపెడుతుంది. శ్రీలంకలోనూ మాలాంటి కిడ్నీ జబ్బే ఉంది. అక్కడ 2015లో గ్లైఫోసేట్‌ని నిషేధించి, 2018లో తేయాకు, రబ్బరు తోటలకి సడలించి, 2022లో నిషేధం ఎత్తేశారు. జబ్బుకి అదే కారణమని ఈరోజుకీ రుజువు కాలేదు, కాదని తేలనూ లేదు. మాకు అలాంటి ఊగిసలాట వద్దు. కొలతలు కావాలి. నీరు బాగుందని కణాలు చెప్తే అదీ రాసి ఇవ్వండి. నా కంటే ఎక్కువ సంతోషించేవాళ్ళు ఉండరు.

6. జవాబు లేకపోతే ఇళ్ళలో ఏం జరుగుతోందో చెప్పి అడగాల్సినవి అడుగుతాను. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి వచ్చింది, హిరమండలం నుంచి వంశధార నీళ్ళు వచ్చాయి. చేసినదాన్ని కాదనను. కానీ మా వీధిలో కుళాయి రాని రోజు నుయ్యే దిక్కు. తోటలో ఉన్నప్పుడూ నుయ్యే. పశువులకీ అదే. డబ్బున్నవాళ్ళు క్యాన్లు కొంటారు. క్యాను 20 రూపాయలు, నెలకి ముప్పై క్యాన్లు, కూలింట్లో అది రెండు రోజుల కూలి. క్యాను నీటికి మాత్రం పరీక్ష ఎవరు చేశారో అడగొద్దు. ఫిల్టర్లు అమ్మేవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి, రెండు తీగలు గ్లాసులో పెట్టి కరెంటిచ్చి, నీళ్ళు నల్లబడగానే "చూశారా మీ నూతిలో విషం" అంటారు. అది తీగల్లోని ఇనుము తుప్పే తప్ప విషం కాదు. నేను ఎంత చెప్పినా మా ఎదురింటి పెద్దమ్మ అప్పుచేసి మెషీన్ కొంది. మీరు మాట్లాడని చోట వాళ్ళు మాట్లాడుతున్నారు.

పెళ్ళి సంబంధం వస్తే కట్నం కంటే ముందు క్రియాటినిన్ అడుగుతున్నారు. మా తమ్ముడికి 27 ఏళ్ళు. అబ్బాయి బాగున్నాడు, ఉద్యోగం బాగుంది, ఊరు ఉద్దానం కదా అని రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. పలాస, సోంపేట బస్సుల్లో పొద్దున్నే చూడండి, చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉబ్బు కనిపించకుండా తువ్వాలు కప్పుకున్నవాళ్ళు ఎంతమందో. వాళ్ళందరికీ డాక్టరు చీటీ మీద "కారణం తెలియదు" అని ఉంటుంది. తెలియకపోవడం నేరం కాదు. తొమ్మిది అంశాలు చూసి తెలుసన్నట్టు స్టాంపు వెయ్యడమే బాధగా ఉంది.

కాబట్టి అడుగుతున్నవి ఇవి.

ఒకటి. రిపోర్టులో ఏం చూశారో ఎంత స్పష్టంగా ఉంటుందో, ఏం చూడలేదో కూడా అంతే స్పష్టంగా తెలుగులో రాయండి. పురుగుమందులు, భారలోహాలు చూడకుండా "త్రాగుటకు యోగ్యము" అన్న స్టాంపు వెయ్యకండి. దీనికి పైసా ఖర్చు లేదు, రేపే మొదలుపెట్టవచ్చు.

రెండు. నమూనా తీసే కుర్రాళ్ళకి పురుగుమందుల కోసం ముదురు రంగు గాజు సీసాలు, లోహాల కోసం ఆమ్లం వేసిన ప్లాస్టిక్ సీసాలు, ఒక ఐస్ పెట్టె ఇవ్వండి. సీసా సరిగా లేకపోతే ఆ తర్వాత ఎంత ఖరీదైన మెషీన్ పెట్టినా వృథా.

మూడు. ఏడాదికి కనీసం మూడుసార్లు తీయండి. జీడి పూతలో మందు కొట్టాక ఒకసారి, నడివేసవిలో నుయ్యి అడుగంటినప్పుడు ఒకసారి, తొలకరి వాన తోటల్ని కడిగి కిందికి దించాక ఒకసారి. జనవరిలో నుయ్యి నిండుగా ఉన్నప్పుడు తీసిన ఒక్క సీసాతో ఏడాదంతా సరిపెట్టకండి.

నాలుగు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల నుంచి జబ్బు ఎక్కువున్న ఊళ్ళ నీరు, పక్కనే జబ్బు తక్కువున్న ఊళ్ళ నీరు జతలుగా తీసుకుని, చిక్కబరిచి, మనిషి కిడ్నీ కణాల మీదా కాలేయ కణాల మీదా పరీక్షించండి. ఏ సీసా ఏ ఊరిదో పరీక్ష చేసేవాళ్ళకి చెప్పకండి, సంఖ్యలు మాత్రమే ఇవ్వండి. ఎవరి మనసులో ఏముందో పళ్ళెం మీదికి రాకూడదు. ఈ పని తెలిసినవాళ్ళకి మన దేశంలో కరువు లేదు. లక్నోలో 1965 నుంచి టాక్సికాలజీ కోసమే ఒక జాతీయ సంస్థ ఉంది. హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. కణాలు కావాలంటే పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం భాండాగారమే ఉంది. ఒక ఉత్తరం రాస్తే చాలు.

ఐదు. ఫలితం ఏదైనా పంచాయతీ గోడ మీద అంటించండి. కణాలు దెబ్బతిన్న నమూనా ఉంటే, కారణం తేలేదాకా ఆ నూతికి బదులు నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో అదే కాగితంలో రాయండి. నుయ్యి మూసేసి వెళ్ళిపోవద్దు.

ఆరు. టాక్సికాలజిస్టులకి ఒక విడి విన్నపం. మీ పరిశోధన పత్రాలు అచ్చయ్యాక, మా దగ్గర రక్తం, మూత్రం, నీరు తీసుకున్న ఊళ్ళకి ఒక్కసారి వచ్చి, ఏం దొరికిందో, ఏం దొరకలేదో మా భాషలో చెప్పి వెళ్ళండి. నాన్న ఇప్పటికి నాలుగు బృందాలకి రక్తమిచ్చారు. ఐదో బృందం వస్తే చెయ్యి చాపనంటున్నారు. "ఇచ్చిందానికి లెక్క చెప్పినోళ్ళు ఎవులూ లేరు" అన్నది ఆయన మాట. ఆయనకి నచ్చచెప్పే బాధ్యత నేను తీసుకుంటాను, లెక్క చెప్పే బాధ్యత మీరు తీసుకోండి.

జవాబుకి నెల రోజులు చూస్తాను. ఆ తర్వాత ఇదే ఉత్తరం మీద మా మండలంలో సంతకాలు సేకరించి, సమాచార హక్కు దరఖాస్తు జతచేసి మళ్ళీ పంపుతాను. నమూనాలు తీయడానికి మనుషులు చాలకపోతే నేను వస్తాను, జీతం అక్కర్లేదు. లీటరు గాజు సీసాలు నాలుగు తెప్పించుకుని, ద్రావకంతో కడిగి, మూతలకి రేకు చుట్టి వంటగది అటక మీద పెట్టాను. ఐస్ పెట్టె చేపల అమ్మాయిని అడిగితే ఇస్తానంది. ఏ రోజు తెమ్మంటారో చెప్తే, ఆ రోజు తెల్లవారుజామున నీళ్ళు తోడి, ఇచ్ఛాపురం నుంచి వచ్చే మొదటి బస్సుకి బయల్దేరతాను.

ఇట్లు,
కవిటి మండలం నుంచి,
ఒకప్పటి ల్యాబ్ టెక్నీషియన్